పిలిచి అడిగితే నమ్మకం తిరిగొస్తుందా? పాలనలో పౌర భాగస్వామ్యంపై చర్చ

తీర్మానం_కాపీ

అందరికీ నమస్కారం. మేం కొందరం కలిసి మా స్థానిక సంస్థకు ఒక ప్రతిపాదన ఇవ్వబోతున్నాం. ఏడాదికి ఒకసారైనా మామూలు జనాన్ని కూర్చోబెట్టి, ఒక పెద్ద విషయం మీద వివరాలన్నీ ముందుంచి, వాళ్లు తేల్చినదాన్ని పాలనలోకి తీసుకోవాలన్నది దాని సారాంశం. రాయడం మొదలుపెట్టగానే మాలో మాకే వాదన వచ్చింది. "జనం ప్రభుత్వాన్ని నమ్మడం మానేశారు, పిలిచి అడిగితే మళ్లీ నమ్ముతారు" అని ఒకరు. "పిలిచి, మాట్లాడించి, తర్వాత ఏమీ చేయకపోతే మిగిలిన కాస్త నమ్మకం కూడా పోతుంది" అని ఇంకొకరు. ఇద్దరి మాటా సబబుగానే ఉంది.

ఇది ఎక్కడైనా నిజంగా పనిచేసిందా? ఎక్కడ చెడింది, ఎందుకు చెడింది? తెలిసినవాళ్లు రాయండి. పార్టీల గోల మాత్రం వద్దు, ప్లీజ్.

లెక్కల_మనిషి

ముందు ఒక సర్వే సంగతి. ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ) వాళ్లు 2023లో 30 దేశాల్లో జనాన్ని అడిగి, 2024లో ఫలితాలు వేశారు. తమ జాతీయ ప్రభుత్వం మీద ఎక్కువగానో, ఓ మోస్తరుగానో నమ్మకం ఉందన్నవాళ్లు 39 శాతం. తక్కువ, లేదా అసలు లేదన్నవాళ్లు 44 శాతం. అసలు విషయం ఇక్కడుంది: "ప్రభుత్వం చేసే పనుల్లో నాలాంటివాళ్ల మాట చెల్లుతుంది" అనుకునేవాళ్లలో 69 శాతం మంది ప్రభుత్వాన్ని నమ్ముతున్నారు. చెల్లదనుకునేవాళ్లలో 22 శాతమే. చదువు, ఆదాయం, వయసు వల్ల వచ్చే తేడాలు దీని ముందు చిన్నవి.

మొండి_ప్రశ్న

అంకెలు బాగున్నాయి సార్, కానీ ఏది కారణం, ఏది ఫలితం? తను ఓటేసిన పార్టీ అధికారంలో ఉంటే తన మాట చెల్లుతోందనీ అనిపిస్తుంది, ప్రభుత్వం మీద నమ్మకమూ ఉంటుంది. ఓడిన పార్టీ వాడికి రెండూ ఉండవు. మధ్యలో భాగస్వామ్యం చేసిన ఘనకార్యం ఏముంది?

లెక్కల_మనిషి

నిజమే, సర్వే ఒక్కటే కారణాన్ని తేల్చదు. అందుకే జరిగిన సందర్భాలను విడివిడిగా చూడాలి. నాకు అంకెలే తెలుసు, కథలు పాత_రిపోర్టర్ గారు చెప్పాలి.

పాత_రిపోర్టర్

ఐర్లండ్ ప్రస్తావన లేకుండా ఈ చర్చ సాగదు, నేనే మొదలుపెడతాను.

2008లో బ్యాంకులు కుప్పకూలాక అక్కడి జనానికి పార్టీల మీద విపరీతమైన కోపం వచ్చింది. 2012 చివర్లో వంద మందితో రాజ్యాంగ సదస్సు పెట్టారు. 66 మంది లాటరీ పద్ధతిలో వచ్చిన మామూలు పౌరులు, 33 మంది రాజకీయ నాయకులు, ఒక అధ్యక్షుడు. నాయకుల్ని కూడా కలపడం తెలివైన పని అని నా అభిప్రాయం. సిఫార్సు పార్లమెంటుకు చేరేసరికి దాన్ని అక్కడ మోసేవాళ్లు కొందరు ముందే తయారై ఉన్నారు. స్వలింగ వివాహానికి ఆమోదం తెలపాలని సదస్సు 2013లో చెప్పింది. 2015 మే నెలలో రెఫరెండం (ఓటర్లందరినీ అవునా కాదా అని అడిగే ఓటింగ్) పెడితే 62 శాతం మంది అవునన్నారు.

తర్వాత 2016లో పౌరసభ వచ్చింది. ఈసారి నాయకులు లేరు, 99 మంది పౌరులు, అధ్యక్షురాలిగా న్యాయమూర్తి మేరీ లఫాయ్. అబార్షన్ మీద 1983 నాటి రాజ్యాంగ నిషేధాన్ని ఏం చేయాలన్నది వాళ్ల ముందున్న ప్రశ్న. ఏ పెద్ద పార్టీ కూడా తనంతట తాను ముట్టుకోడానికి ఇష్టపడని విషయం అది. ఐదు వారాంతాలు కూర్చున్నారు. డాక్టర్లు, న్యాయ నిపుణులు, రెండు పక్షాల సంఘాలు, ఆ పరిస్థితిని స్వయంగా ఎదుర్కొన్న మహిళల మాటలు, అన్నీ విన్నారు. ఆ సెషన్లు ఇంటర్నెట్లో లైవ్‌గా వచ్చాయి. సభ తీర్మానం చూసి "మరీ ముందుకెళ్లిపోయారు, జనం ఒప్పుకోరు" అన్నవాళ్లు చాలామంది. 2018 మేలో రెఫరెండం జరిగితే 66.4 శాతం మంది నిషేధం ఎత్తేయమన్నారు. అంటే జనం నాడి నాయకుల కన్నా లాటరీలో వచ్చిన ఆ 99 మందికే బాగా తెలిసింది.

కోరం_లేదు

లాటరీలో వచ్చిన 99 మంది నా తరఫున ఎలా మాట్లాడతారండీ? ఎమ్మెల్యేకైతే కనీసం ఓటేశాను, తిట్టే హక్కుంది. వీళ్లెవరో కూడా తెలీదు 😀

మొండి_ప్రశ్న

👆 ఇదే నేనూ అడగబోతున్నా. పైగా పిలుపు అందిన అందరూ రారు. తీరిక ఉన్నవాళ్లు, చదువుకున్నవాళ్లు, ముందే అభిప్రాయం ఉన్నవాళ్లు వస్తారు. దానికి 'లాటరీ' అని పేరు పెడితే శాంపిల్ అయిపోతుందా?

వెన్నెల_కాగితం

ఇలాంటి సమావేశాలు నడిపే పనిలో కొన్నేళ్లుగా ఉన్నాను కాబట్టి లాటరీ గురించి చెప్తాను. అది రెండు అంచెల్లో జరుగుతుంది. మొదట వేలమందికి ఆహ్వానాలు వెళ్తాయి. వస్తామన్నవాళ్లు ఎప్పుడూ కొద్దిమందే, మొండి_ప్రశ్న గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. అందుకే రెండో అంచెలో ఒప్పుకున్నవాళ్లలోంచి వయసు, ఆడ మగ, ప్రాంతం, చదువు, వృత్తి చూసి మళ్లీ లాటరీ తీస్తారు. మొత్తం జనాభాలో ఏ వర్గం ఎంత ఉందో గదిలోనూ దాదాపు అంతే ఉండాలని. కొన్నిచోట్ల చర్చించే విషయం మీద ముందున్న అభిప్రాయాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు, ఒకే పక్షం వాళ్లతో గది నిండకుండా.

తీరిక సమస్యకు మందు డబ్బే. ఫ్రాన్స్‌లో వాతావరణ పౌర సదస్సుకి వచ్చినవాళ్లకి రోజుకు 86 యూరోల పైచిలుకు ఇచ్చారు, ప్రయాణం, బస వేరే. కూలి పోగొట్టుకుని ఎవరూ రారు, పిల్లల్ని చూసుకునేవాళ్లు లేకపోతే తల్లులు రారు. ఇవేవీ బడ్జెట్లో పెట్టకుండా "జనానికి ఆసక్తి లేదు" అనడం అన్యాయం.

ఇందులోనూ మోసాలు జరగొచ్చు. పాత_రిపోర్టర్ గారు మెచ్చుకున్న ఐర్లండ్ సభలోనే, కొత్తగా చేర్చిన ఏడుగురిని సభ్యుల్ని వెతికే పనిలో ఉన్న ఒక ఉద్యోగి ఇంటింటికీ తిరక్కుండా తెలిసినవాళ్ల ద్వారా పట్టుకొచ్చినట్టు 2018 మొదట్లో బయటపడింది. ఏడుగురినీ తీసేశారు, విషయం దాచకుండా ప్రకటించారు. దాచి ఉంటే ఆ సభ పరువు ఆ రోజే పోయేది.

కోరం_లేదు గారూ, మీ ప్రశ్నకు కెనడాలోని బ్రిటిష్ కొలంబియా చూడండి. 2004లో 79 నియోజకవర్గాల నుంచి ఒక్కో ఆడ, ఒక్కో మగ, ఆదివాసీల నుంచి ఇద్దరు, మొత్తం 160 మందిని లాటరీలో తీశారు. దాదాపు ఏడాది కూర్చుని కొత్త ఎన్నికల విధానం సూచించారు. రెఫరెండంలో 57.7 శాతం ఓట్లొచ్చాయి, కావాల్సింది 60. ఆ ఓటింగ్ మీద పరిశోధన చేసినవాళ్లకు ఒక సంగతి కనిపించింది. సభ గురించి తెలిసినవాళ్లే ఎక్కువగా అవునని వేశారు. "అందులో కూర్చున్నవాళ్లు మనలాంటివాళ్లే, వాళ్లకి ఇందులో లాభం ఏమీ లేదు" అన్నది చాలామందికి సరిపోయింది, ప్రతిపాదన లోతుపాతుల జోలికి పోనివాళ్లకు కూడా.

కోరం_లేదు

57.7 వచ్చినా ఓడిపోవడం ఏం న్యాయం 🤦

వెన్నెల_కాగితం

60 అని ముందే ప్రకటించారు లెండి. కానీ 2009లో మళ్లీ రెఫరెండం పెడితే 39 శాతానికి పడిపోయింది. అప్పటికి సభ చెదిరిపోయి ఐదేళ్లు కావస్తోంది, దాన్ని తలుచుకునేవాళ్లే తగ్గిపోయారు.

మొండి_ప్రశ్న

సరే, ఇప్పుడు నావంతు. గెలిచిన కథలే చెప్తే ఎలా? ఐస్‌లాండ్ తీసుకోండి. 2008 పతనం తర్వాత కొత్త రాజ్యాంగం రాసుకుందామన్నారు. 2010లో లాటరీ పద్ధతిలో పిలిచిన దాదాపు 950 మంది ఒక రోజంతా కూర్చుని ఏయే విలువలు ఉండాలో చెప్పారు. తర్వాత 25 మంది ఎన్నికయ్యారు. ఆ ఎన్నిక చెల్లదని సుప్రీంకోర్టు కొట్టేస్తే పార్లమెంటు అదే జట్టును మండలిగా నియమించింది. వాళ్లు ముసాయిదాలు ఎప్పటికప్పుడు ఇంటర్నెట్లో పెట్టి జనం సూచనలు తీసుకున్నారు. 2012 అక్టోబరులో ఓటింగ్ పెడితే మూడింట రెండు వంతుల మంది "కొత్త రాజ్యాంగానికి ఇదే ఆధారం కావాలి" అన్నారు. 2013లో పార్లమెంటు దాన్ని ఆమోదించకుండానే ముగిసింది. అంతే. ఇంతమంది ఇంత కష్టపడి చేసిన పనికి ఒక్క 'వద్దు' కూడా రాలేదు, ఊరికే వదిలేశారు.

ఫ్రాన్స్ ఇంకా విచిత్రం. ఇంధన పన్నుల మీద కోపంతో మొదలైన పసుపు చొక్కాల ఉద్యమం తర్వాత 2019లో దేశమంతా 'మహా చర్చ' అన్నారు. టౌన్ హాళ్లలో నోటు పుస్తకాలు పెట్టి జనాన్ని గోడు రాయమన్నారు. వేల పుస్తకాలు నిండాయి. వాటిలో ఎక్కువ భాగం జిల్లా ఆర్కైవ్స్‌లోకి వెళ్లి అక్కడే ఉండిపోయాయి. వాటిని అందరికీ అందుబాటులో పెట్టాలని వాళ్ల జాతీయ అసెంబ్లీ 2025లో తీర్మానం చేయాల్సి వచ్చిందంటే చూడండి.

ఇక ఆ వాతావరణ పౌర సదస్సు. 150 మంది, 2019 అక్టోబరు నుంచి 2020 జూన్ దాకా కూర్చుని 149 ప్రతిపాదనలు ఇచ్చారు. వడపోత లేకుండా పార్లమెంటుకో, రెఫరెండానికో, నేరుగా అమలుకో పంపుతానని అధ్యక్షుడు మాక్రాన్ మాటిచ్చారు. తీరా మూడింటిని మొదట్లోనే పక్కన పెట్టారు, చాలావాటిని తర్వాత పలుచన చేశారు. 2021 ఫిబ్రవరిలో ఆ 150 మందినీ పిలిచి, తమ ప్రతిపాదనల్ని ప్రభుత్వం ఎంతవరకు పట్టించుకుందో మార్కులేయమంటే సగటున పదికి 3.3 వచ్చాయి. చేతులారా 150 మంది అసంతృప్తుల్ని తయారుచేసుకోవడం అంటే ఇదే. తీర్మానం_కాపీ గారూ, మీ ప్రతిపాదన కూడా ఇలాగే అవదని గ్యారంటీ ఏంటి?

పాత_రిపోర్టర్

ఐర్లండ్ కూడా తర్వాత తడబడింది, అదీ చెప్పాలి. కుటుంబం, ఇంట్లో సంరక్షణ చేసేవాళ్ల గురించి రాజ్యాంగంలో మార్పులు కావాలని 2021లో ఇంకో పౌరసభ చెప్పింది. సంరక్షణకు ప్రభుత్వం తగిన మద్దతు ఇవ్వాల్సిన బాధ్యత ఉండాలన్నది వాళ్ల ఉద్దేశం. ప్రభుత్వం దాన్ని 'మద్దతుకు కృషి చేస్తుంది' అనే స్థాయికి తగ్గించి 2024 మార్చిలో రెఫరెండానికి పెట్టింది. కుటుంబం ప్రశ్న మీద 67.7 శాతం, సంరక్షణ ప్రశ్న మీద 73.9 శాతం వద్దన్నారు. ఓటమికి కారణాలు చాలానే ఉన్నాయి, మాటల్ని నీరుగార్చడం వాటిలో ఒకటి. పౌరసభ పేరు వాడుకుని వాళ్లు చెప్పని మాటను జనం ముందుకు తెస్తే, జనం పట్టేస్తారు.

చివరి_బెంచీ

నేను ఎప్పుడూ చదవడమేగానీ రాయను. ఒకసారి ఒక ప్రాజెక్టు మీద ప్రజాభిప్రాయ సేకరణ అంటే వెళ్లాను. పేరు ఇచ్చి, వంతు వచ్చేదాకా కూర్చుని, రాసుకొచ్చింది చదివాను. తర్వాత తెలిసింది, పనికి టెండర్లు అప్పటికే పిలిచేశారని. తీర్పు రాసిపెట్టుకుని వాదనలు విన్నట్టు. మినిట్స్‌లో నా అభ్యంతరం "పలువురు సూచనలు చేశారు" అనే ఒక్క వాక్యంలో కలిసిపోయింది. మళ్లీ ఎవరు పిలిచినా వెళ్లలేదు, వెళ్లను కూడా.

వెన్నెల_కాగితం

చివరి_బెంచీ గారు చెప్పినదానికి 1969లోనే షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే అమెరికన్ ఒక నిచ్చెన గీసింది. ఎనిమిది మెట్లు. అడుగున జనాన్ని బుజ్జగించి మభ్యపెట్టడం, మధ్యలో సమాచారం ఇవ్వడం, అభిప్రాయం అడగడం, పైన అధికారం పంచుకోవడం, చివరి మెట్టు మీద జనమే నడపడం. అభిప్రాయం అడగడాన్ని ఆవిడ పెద్దగా లెక్కచేయలేదు. అడిగినదాన్ని పట్టించుకుంటారన్న హామీ లేకపోతే అది తూతూమంత్రమే అంది. మన దగ్గర 'భాగస్వామ్యం' పేరుతో జరిగేవాటిలో ఎక్కువ భాగం ఆ మధ్య మెట్ల మీదే ఆగిపోతాయి.

నీటి_పద్దు

పురపాలక పద్దుల్లో పనిచేసి రిటైరయ్యాను. మీరంతా సభలు, సిఫార్సులు అంటున్నారు, నేను డబ్బు గురించి చెప్తా. జనం చేతికి డబ్బు మీద నిర్ణయం ఇస్తే వచ్చే మార్పు వేరు.

బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రెలో 1989లో కొత్తగా వచ్చిన నగర పాలక వర్గం, కొత్త పనులకు పెట్టే ఖర్చును ఏ పేటలో ఎక్కడ పెట్టాలో జనమే తేల్చాలంది. మొదట్లో పెద్దగా స్పందన లేదు. ఖజానాలో జీతాలు పోగా మిగిలేదే లేదు, తీర్మానించిన పనులు కదల్లేదు. 1990లో సమావేశాలకు వెయ్యి మంది కూడా రాలేదు. అప్పుడు వాళ్లు ఉపన్యాసాలు ఇవ్వలేదు, పన్నులు సరిచేసి రాబడి పెంచుకున్నారు. కోరిన పనులు కళ్లముందు మొదలయ్యాయి. 1992కల్లా వచ్చేవాళ్లు ఏడు వేలు దాటారు. పోయినేడాది పక్క పేట వాళ్లు వెళ్లి కాలువ వేయించుకున్నారని తెలిస్తే ఈ పేట వాళ్లు రాకుండా ఉంటారా? మంచినీరు, మురుగునీటి కనెక్షన్లు 1988లో 75 శాతం ఇళ్లకు ఉంటే 1997కి 98 శాతానికి చేరాయి. పద్ధతి కూడా చూడండి: సదుపాయాలు తక్కువున్న పేటకు ఎక్కువ మార్కులు, జనాభాకు కొన్ని మార్కులు, జనం ఇచ్చిన ప్రాధాన్యతకు కొన్ని. గట్టిగా అరిచినవాడికి ఎక్కువ అన్న పద్ధతికి అక్కడ తావు లేదు. ఏ పని ఏ దశలో ఉందో పుస్తకం వేసి పంచేవారు.

చివరికి ఏమైంది? ఆ పార్టీ 2004లో ఓడింది, తర్వాత వచ్చినవాళ్లు కార్యక్రమాన్ని ఉంచారుగానీ డబ్బు తగ్గించారు. 2017లో ఆపేశారు. ఆ పద్ధతి నగర చట్టంలో బిగించినది కాదు, పాలక వర్గం ఇష్టం మీద నడిచింది. పద్దుల మనిషిగా నాకు అదే బాధ.

మొండి_ప్రశ్న

నీటి_పద్దు గారూ, ఇది నాకు నచ్చింది. అంటే జనం ముందు నమ్మి రాలేదు, పని చూశాక వచ్చారు. మనవాళ్లు దీన్ని తలకిందులుగా పెట్టుకుంటారు, ముందు అవగాహన సదస్సులంటారు.

మన దేశంలో సంగతి కూడా ఎవరైనా చెప్తారా? అన్నీ విదేశీ ఉదాహరణలేనా?

నీటి_పద్దు

మనకీ ఉన్నాయి. 1994లో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు బహిరంగ విచారణలు మొదలుపెట్టారు. పంచాయతీ మస్టర్ రోల్స్ (కూలీల హాజరు పట్టీలు) జనం ముందు పైకి చదివేవారు. పని చేయనివాళ్ల పేర్లు, కట్టని కట్టడాలు అక్కడికక్కడే బయటపడేవి. 2005 సమాచార హక్కు చట్టానికి బాట వేసినవాటిలో అదొకటి. కేరళలో 1996లో ప్రజా ప్రణాళిక పేరుతో రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇచ్చి, ఏం చేయాలో గ్రామసభల్లో తేల్చమన్నారు.

ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల మీద 2006 నుంచి సామాజిక తనిఖీలు జరిగాయి. గ్రామాల యువతే రికార్డులు పట్టుకుని ఇంటింటికీ తిరగడం, తర్వాత మండల స్థాయిలో అధికారుల ముందు బహిరంగ విచారణ. కూలీ నిలబడి "నాకు ఈ డబ్బు రాలేదు" అని అధికారి ముఖం మీద చెప్పడం చిన్న విషయం కాదు. కానీ దాని మీద జరిగిన పరిశోధన కూడా చదవాలి. తేలిగ్గా దొరికే అక్రమాలు తగ్గి, సామగ్రి బిల్లుల్లాంటి పట్టుకోవడం కష్టమైన వాటికి మారాయి. దొరికినవాళ్ల మీద గట్టి చర్యలు చాలా అరుదు, రికవరీ తక్కువ. విచారణలో ధైర్యంగా మాట్లాడిన కూలీ ఆ తర్వాత అదే మనిషి అదే కుర్చీలో కూర్చోవడం చూస్తే ఏమనుకుంటాడు?

చివరి_బెంచీ

నేను అనుకున్నదే అనుకుంటాడు.

తీర్మానం_కాపీ

అందరికీ థ్యాంక్స్. మీరు రాసినవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒకటి కనిపిస్తోంది. పిలిచే ముందే 'మీరు చెప్పినదాన్ని మేం ఇలా చేస్తాం' అని కట్టుబడిన చోట నమ్మకం పెరిగింది. తర్వాత చూద్దాంలే అన్నచోట తరిగింది. కాబట్టి మా ప్రతిపాదనలో సభ ఎలా జరగాలన్న పేజీల కన్నా, సభ అయ్యాక ఏం జరగాలన్న పేజీ గట్టిగా రాయాలి. దానికి నమూనా ఎక్కడైనా ఉందా?

వెన్నెల_కాగితం

ఉంది. బెల్జియంలో జర్మన్ మాట్లాడేవాళ్ల ప్రాంతం, ఓస్ట్‌బెల్గియెన్. జనాభా 80 వేల లోపే. 2019లో అక్కడి పార్లమెంటు చట్టం చేసి లాటరీలో వచ్చిన 24 మందితో శాశ్వత పౌరమండలి పెట్టింది. ఏ విషయం చర్చించాలో నాయకులు చెప్పరు, మండలి నిర్ణయిస్తుంది. దాని మీద లాటరీతోనే వేరే పౌరసభ కూర్చుంటుంది. సిఫార్సులు వచ్చాక పార్లమెంటు కమిటీ ఆ పౌరులతోనే బహిరంగంగా చర్చించాలి. ఒప్పుకోకపోతే ఎందుకో కారణం చెప్పాలి. ఒప్పుకున్నవి ఎంతవరకు అమలయ్యాయో తర్వాత మండలి వెంటపడి అడుగుతుంది.

గమనించండి, సిఫార్సులన్నీ ఒప్పుకుని తీరాలన్న నిబంధన లేదు. జవాబు చెప్పి తీరాలి, అంతే. 'కాదు' అన్నా కారణం చెప్తే మనిషి తట్టుకుంటాడు.

మొండి_ప్రశ్న

ఇది ఒప్పుకుంటాను. ఎందుకంటే నా అసలు అభ్యంతరం వేరే ఉంది: లాటరీలో వచ్చినవాళ్లు తప్పు నిర్ణయం చేస్తే వాళ్లని ఓడించే దారి లేదు. కాబట్టి చివరి మాట ఎన్నికైనవాళ్లదే ఉండాలి, లేదా ఐర్లండ్‌లోలా మొత్తం ఓటర్లది. 2015లో స్వలింగ వివాహంతో పాటే, అధ్యక్ష పదవికి కనీస వయసు 35 నుంచి 21కి తగ్గించాలా అన్న ఓటూ జరిగింది. వయసు తగ్గించాలన్నదీ ఆ సదస్సు మాటే. జనం 73 శాతం వద్దన్నారు. ఒకే రోజు ఒకటి ఒప్పుకుని ఇంకొకటి తిప్పికొట్టారు. నాకు ఆరోగ్యకరంగా అనిపించింది అదే.

కోరం_లేదు

ఇంత కష్టం ఎందుకు, అందరికీ ఫోన్లు ఉన్నాయిగా. యాప్ పెట్టి ఓటింగ్ పెడితే పోలా?

లెక్కల_మనిషి

యాప్‌లో ఎవరి గొంతు గట్టిగా వినిపిస్తుందో మీకూ తెలుసు 🙂 తైవాన్ వాళ్లు ఒక కిటుకు చేశారు. 2015లో ఉబర్ మీద నిబంధనలు ఎలా ఉండాలో పోలిస్ (Pol.is) అనే సాఫ్ట్‌వేర్‌తో జనాన్ని అడిగారు. అందులో ఒకరి మాటకు ఇంకొకరు రిప్లై ఇచ్చే వీలే లేదు. ఒప్పుకుంటా, ఒప్పుకోను, దాటేస్తా, ఈ మూడే. తిట్టుకునే దారి మూసేస్తే రెండు గుంపులూ ఒప్పుకునే వాక్యాలు పైకి తేలాయి. బీమా, రిజిస్ట్రేషన్ లాంటివి. వాటిలో చాలావరకు నిబంధనల్లోకి వెళ్లాయి. కానీ ఆ వేదిక తేల్చినదానికి ప్రభుత్వం కట్టుబడాలన్న నియమం లేదు, కొన్నేళ్లకు వాడకం తగ్గిపోయింది. మళ్లీ అదే సమస్య.

మోడరేటర్

పార్టీ పేర్లతో వచ్చిన రెండు వ్యాఖ్యలు తీసేశాం. చర్చ కొనసాగించండి.

తీర్మానం_కాపీ

ముసాయిదాలో ఈ పేజీ ఇలా రాశాం, చూడండి:

"సభ సమావేశానికి ముందే స్థానిక సంస్థ తీర్మానం చేసి ప్రకటించాలి: సభకు అప్పగించే ప్రశ్న ఏది, దానికి కేటాయించిన నిధి ఎంత, ఇప్పటికే తీసుకున్న నిర్ణయాలేవి. సిఫార్సులు అందిన 90 రోజుల్లో ఒక్కో సిఫార్సుకు విడిగా, రాతపూర్వకంగా జవాబివ్వాలి. తిరస్కరిస్తే కారణం రాయాలి. మాటలు మార్చి ఆమోదిస్తే, మార్చిన వాక్యాన్ని సభ్యులకు చూపించి వాళ్ల అభిప్రాయం పక్కనే ముద్రించాలి. ఏడాది తర్వాత అదే సభ్యుల ముందు అమలు నివేదిక పెట్టాలి. సభ్యులకు రోజు భత్యం, ప్రయాణ ఖర్చు ఇవ్వాలి."

నీటి_పద్దు

బాగుంది. రెండు మార్పులు. నిధి 'కేటాయించిన' అని కాకుండా 'ఆ ఏడాది బడ్జెట్ పద్దులో చూపిన' అని రాయండి, కేటాయింపు కాగితం మీద ఉండి డబ్బు రాకపోవడం నేను చాలా చూశాను. ఇంకోటి, 90 రోజులు అన్నారు. మధ్యలో ఎన్నికలొచ్చి పాలక వర్గం మారితే? కొత్తవాళ్లు "అది మా హామీ కాదు" అంటారు.

మొండి_ప్రశ్న

అవును, పోర్టో అలెగ్రె చెడింది అక్కడే. 'పాలక వర్గం మారినా గడువు మారదు, కొత్త పాలక వర్గం మొదటి సమావేశంలోనే జవాబు ఎజెండాలో పెట్టాలి' అని చేర్చండి. మామూలు తీర్మానంగా వదిలేయకుండా ఉపచట్టంగా చేయించగలిగితే ఇంకా మేలు. రద్దు చేయాలంటే అందరి ముందూ చర్చ పెట్టి చేయాల్సి వస్తుంది.

తీర్మానం_కాపీ

రెండూ చేరుస్తాను. ఉపచట్టం ముసాయిదా రాయడం తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

చివరి_బెంచీ

రాయడం రాదుగానీ, 'ఇప్పటికే తీసుకున్న నిర్ణయాలేవి' అన్న వాక్యం పక్కన 'పిలిచిన టెండర్లతో సహా' అని పెట్టండి.

తీర్మానం_కాపీ

పెట్టాను.